మరక మీద మాటామాటా

బట్ట మీద పడ్డ మరకని ఇంట్లోనే వదిలించుకోవాలా, ముట్టుకోకుండా లాండ్రీలో పడెయ్యాలా? ఈ పంచాయితీ తెగేది కాదు. అందుకే రెండు పక్షాలకీ చెరో మనిషిని కల్పించి ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు తాడేపల్లిగూడెం హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన టీచర్ గారు. కొడుకు కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తున్నాడు కాబట్టి ఇప్పుడు ఆవిడ మకాం కొల్లేటి గట్టున. రెండో ఆయనకి ఏలూరు పవర్‌పేటలో లాండ్రీ ఉంది, తాతల నాటి నుంచీ అదే వృత్తి. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. ఎంత వాదించినా గొంతు మాత్రం పెంచడు.

లాండ్రీ: కోప్పడనంటే ఒక మాట చెప్తానండి టీచర్ గారూ. నా కొట్టుకొచ్చే పాడైన బట్టల్లో మరక వల్ల పాడైనవి తక్కువ. మరక తియ్యబోయి పాడుచేసినవే ఎక్కువ.

టీచర్: వ్యాపారస్తుడివి, అలా కాక ఇంకెలా అంటావు? మరక పడ్డ మొదటి పది నిమిషాలు బట్ట ఎక్కడుంటుంది? ఇంట్లో ఉంటుంది. నీ కొట్టుకి వచ్చేసరికి రెండు రోజులు. అప్పటికి మరక దారంలోకి దిగి కూర్చుంటుంది. ఆ పది నిమిషాల్లో ఏం చెయ్యాలో తెలిసిన ఇల్లాలికి నీతో పనేముంది?

లాండ్రీ: తెలిసిన ఇల్లాలికి లేదండి. తెలుసనుకున్న ఇల్లాలితోనే తంటా. మొన్నొకావిడ గంధం రంగు చీర తెచ్చారు. పసుపు పడిందట, సబ్బు రుద్దారట. రుద్దగానే నెత్తురులా ఎర్రబడింది. భయపడి ఇంకా రుద్దారు. మరక సంగతి అలా ఉంచి, ఆ చోట నేతే చిట్లిపోయింది.

టీచర్: ఆవిడ పెళ్ళి చేసుకోలేదా? కాళ్ళకి పారాణి పెట్టించుకోలేదా? పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుందని తెలియనిదెవరికి? సున్నం క్షారం, సబ్బూ క్షారమే. పసుపులో ఉండే కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం చుక్క పడితే మళ్ళీ పచ్చబడుతుంది. రంగు తిరిగిందంటే మరక ముదిరిందని అర్థం కాదురా అబ్బాయ్. తాపీగా ఉతికి ఎండలో ఆరెయ్యాలి. కుర్కుమిన్ నీళ్ళకి సరిగా కరగదు గానీ ఎండకి మాత్రం నిలబడలేదు. రెండు మూడు ఎండలు తగిలేసరికి వెలిసిపోతుంది.

లాండ్రీ: మీరు తెల్ల నూలు చీరకి చెప్తున్నారు. చిలకపచ్చ పట్టుచీరని మూడు ఎండల్లో వేస్తే పసుపుతో పాటు చిలకా ఎగిరిపోతుంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వచ్చిందంటే నాకు వచ్చే చీరలన్నీ పసుపూ కుంకుమేనండి. ఈ రోజుల్లో ప్యాకెట్లో వచ్చే కుంకుమ చాలావరకు రంగుపొడి. పొడిగా ఉండగా దులిపేస్తే తొంభై పాళ్ళు రాలిపోయేది, తడిగుడ్డతో తుడిచి అద్దకం వేసుకుని వస్తారు.

టీచర్: దులపడం ఇంటి పనే కదా? నాకే ఒక పాయింటు ఇచ్చావు.

లాండ్రీ: తీసుకోండి. ఆవకాయ సంగతి చెప్పండి మరి.

టీచర్: ఆవకాయలో మరక రెండు పొరలు. పైది నూనె, లోపలిది మిరపకాయ రంగు. ఆ రంగు నూనెలోనే కరుగుతుంది, నీళ్ళకి చలించదు. అందుకే నీళ్ళు పోసి రుద్దేవాళ్ళు నూనెని నాలుగు దిక్కులా పరుస్తారు తప్ప రంగుని తియ్యలేరు. ముందు శనగపిండో పౌడరో చల్లి నూనె పీల్చనివ్వాలి. దులిపి, గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేసి వేళ్ళతో నలపాలి. మిగిలిన ఎరుపు ఎండకి పోతుంది. పెదవేగి వైపు ఆయిల్ పామ్ తోటల్లో గెలలు కోసేవాళ్ళ చొక్కాలు చూశావా? ఆ నారింజ మరకా ఈ వంశమే. కెరోటిన్ జాతి రంగులు, ఎండకి ఆగలేవు.

లాండ్రీ: చూడకపోవడమేంటండీ, నా దగ్గరికీ వస్తాయి. అయితే మీరు ఒకటి మరిచారు. అవి నూలు చొక్కాలు కావు, టెరికాటన్. పాలిస్టర్‌కి నూనె అంటే మహా ప్రీతి. నూలు బట్ట నూనెని ఒకసారి నలిపితే వదులుతుంది, పాలిస్టర్ పట్టుకుని వేలాడుతుంది. అందుకే కాలర్ దగ్గర చెమట జిడ్డు ఎన్ని ఉతుకులైనా పోదు. దానికి నేను నీళ్ళు వాడను, ఎంటీఓ వాడతాను. టర్పెంటైన్ జాతి ద్రావకం. ఇంట్లో అది వద్దండి, గ్యాసు పొయ్యి పక్కన పెట్టుకునే సరుకు కాదది.

(ఇంతదాకా ఇద్దరూ కత్తులు దులుపుకుంటున్నారంతే. అసలు పోరు చెరువు గట్టు మీద మొదలైంది.)

టీచర్: మా ఇంటి మరకలు నీకు చెప్తాను, విను. పట్టుబడి రోజున మా వాడి లుంగీ చూడాలి. బొచ్చెలూ శీలావతులూ ట్రేల్లోకి ఎత్తేటప్పుడు పడ్డ నెత్తురు, పైన జిగురు, మోకాళ్ళ దాకా నల్లబురద. పాలేరు కుర్రాళ్ళు ఇంటికెళ్ళి చేసే మొదటి పని వేణ్ణీళ్ళలో నానబెట్టడం. అక్కడే ఖర్మ కాలుతుంది. నెత్తురూ జిగురూ మాంసకృత్తులు, వేడి తగిలితే గడ్డకడతాయి. కోడిగుడ్డు ఉడికాక మళ్ళీ పచ్చిసొన చెయ్యగలవా? చన్నీళ్ళలో ముంచాలి, గుప్పెడు ఉప్పు వెయ్యాలి, నీళ్ళు ఎర్రబడితే పారబోసి మళ్ళీ పోయాలి. తెల్లబట్ట మీద ఇంకా చారలు మిగిలితే మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా దొరుకుతుంది. మామూలుగా అది 6 శాతం ఉంటుంది. సమానంగా నీళ్ళు కలిపి 3 శాతం చేసి చుక్కలు వేస్తే నురగలు కక్కుతూ మరకని లేపేస్తుంది.

లాండ్రీ: ఈ విషయంలో మీకూ నాకూ తగువు లేదండి. మా తాత నోట కూడా ఇదే మాట. ఊళ్ళో బట్టలన్నీ మూటగట్టి ఉబ్బ వేసేవారు కదా, చవుడు మన్ను కలిపిన నీళ్ళలో ముంచి, బాన మీద దొంతరగా పేర్చి, రాత్రంతా ఆవిరి పట్టించేవారు. ఉబ్బకి ముందే మా నాయనమ్మ ఒక్కొక్క బట్టా విప్పి చూసి, నెత్తురు చారలున్నవి పక్కన తీసి చన్నీళ్ళలో వేసేది. పురిటి బట్టలు ఉబ్బలోకి నేరుగా ఎప్పుడూ వెళ్ళలేదు. ఆవిడకి మాంసకృత్తుల పేరు తెలియదు, సంగతి తెలుసు.

టీచర్: సంగతి తెలిస్తే చాలని జర్మనీలో ఒకాయన ఊరుకోలేదు, ఇంకా లోతుకి వెళ్ళాడు. ఒట్టో రోమ్ అని, 1913లోనే జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో బట్టలు ఉతికే పొడికి పేటెంటు తీసుకున్నాడు. మనం తిన్న మాంసాన్ని పొట్టలో అరిగించే సరుకే, బట్ట మీది మరకని అరిగిస్తుంది. ఇప్పుడు మంచి పౌడర్లన్నిట్లోనూ ఆ జాతి ఎంజైములున్నాయి. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెడితే చేప జిగురు దానంతటదే ఊడుతుంది. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైము చస్తుంది.

లాండ్రీ: అవునండి, అయితే పట్టూ ఉన్నీ కూడా మాంసకృత్తులేగా? ఆ పౌడర్లో పట్టుచీర నానబెట్టారనుకోండి, అది మరకకీ చీరకీ తేడా చూడదు.

టీచర్: పట్టుకి కుంకుడుకాయ అని నేను ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నాను.

లాండ్రీ: కుంకుడుకాయ పట్టుకి మంచిదే. జరీ నల్లబడ్డప్పుడు నిమ్మకాయ రుద్దిన చీరలు కూడా మీ జట్టు నుంచే వస్తున్నాయి నాకు. ఒకావిడైతే చింతపండు పెట్టారు. చింతపండు ఇత్తడి బిందెకండీ, కంచి పట్టుకి కాదు.

టీచర్: సరేగానీ, పర్మాంగనేటు మరక ఎప్పుడైనా తీశావా?

లాండ్రీ: చెరువుల్లో కొట్టేదేగా? ఊదారంగులో ఉంటుంది.

టీచర్: డబ్బాలో ఊదా, లుంగీ మీద గోధుమ. గుడ్డకి తగిలి ఆరేసరికి మాంగనీసు డయాక్సైడుగా మారి కూర్చుంటుంది. చెరువుకి మందు కొట్టే కుర్రాళ్ళ చేతులూ చొక్కాలూ అదే రంగు. సబ్బుకి చెక్కుచెదరదు, వాళ్ళు ఇంక పోదని వదిలేశారు. నేను నిమ్మకాయ కోసి రుద్దమన్నాను. కళ్ళెదురుగా మాయమైంది. నిమ్మలో ఉండే విటమిన్ సి దాన్ని నీళ్ళలో కరిగే రూపానికి తెస్తుంది. పదో తరగతి పాఠం. ఏలూరు మార్కెట్లో నిమ్మకాయలకి కరువా?

లాండ్రీ: ఇది నాకు తెలియదండి. రాసుకుంటాను.

టీచర్: నల్లబురద కూడా రాసుకో. చెరువు అడుగున గాలి తగలని బురదలో ఇనుమూ గంధకమూ కలిసి నల్లగా ఉంటాయి, కుళ్ళిన గుడ్డు వాసన. బయటికొచ్చి గాలి తగిలితే ఆ నలుపే తుప్పు రంగుకి తిరుగుతుంది. తడిబురదని రుద్దకూడదు, మెత్తని రేణువులన్నీ నేతలోకి దిగిపోతాయి. ఎండనిచ్చి, బ్రష్షుతో రాల్చి, తర్వాత జాడించాలి. పచ్చగా మిగిలిన జాడకి నిమ్మకాయా ఉప్పూ.

లాండ్రీ: ఇక్కడ నేను అడ్డం పడతానండి. మీ చెరువుల దగ్గర ప్రతి షెడ్డులోనూ బ్లీచింగ్ బస్తా ఉంటుంది. ఆ పచ్చజాడ చూసి జనం పట్టేది నిమ్మకాయ కాదు, గరిటెడు బ్లీచింగ్. తుప్పు మీద బ్లీచింగ్ పడితే మరక ఇంకా ముదురుతుంది. తుప్పు అంటేనే ఇనుముకి ప్రాణవాయువు పట్టింది, దానికి ఇంకాస్త పట్టిస్తారు. పట్టు మీద పడితే బట్ట పచ్చబడి పొడైపోతుంది. నూలు మీద పడితే మొదటిరోజు మల్లెపువ్వు, నెలకి చిరుగు. మీ సైన్సు మీ చేతిలో ఉన్నంతసేపూ బాగుంటుంది టీచర్ గారూ. పక్కింటికి వెళ్ళేసరికి అది చిట్కా అయిపోతుంది. చిట్కాకి కొలత ఉండదు.

టీచర్: అది చిట్కా తప్పు కాదు, చెప్పినవాడి తప్పు.

(ఆవిడ ఇక్కడ తప్పించుకున్నారని నా అభిప్రాయం. చెప్పినవాడికీ విన్నవాడికీ మధ్య కొలత జారిపోతుందన్నదే అతని వాదన.)

లాండ్రీ: సరే, ఫోన్లలో చూపించేది ఎవరి తప్పు? వంటసోడా మీద వెనిగర్ పోస్తారు, బుసబుసమని పొంగుతుంది, మరక పోతుందంటారు.

టీచర్: దానికి నేను పూచీ కాదు. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం, రెండూ కొట్టుకుని చచ్చి ఉప్పునీళ్ళలాంటిది మిగులుతుంది. పొంగింది చూడ్డానికి బాగుంటుంది. విడివిడిగా దేని పని దానికుంది, కలిపితే ఏదీ లేదు.

లాండ్రీ: బ్లీచింగ్‌లో బాత్రూము కడిగే యాసిడ్ కలిపేవాళ్ళు కూడా ఉన్నారండి.

టీచర్: అయ్యో, అది మరక గొడవ కాదు, ప్రాణాల గొడవ! క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో బెల్జియంలో ఈప్ర్ దగ్గర సైనికుల మీద వదిలింది అదే వాయువు. తలుపులు వేసిన బాత్రూములో బకెట్ దగ్గర వంగి కూర్చున్న మనిషికి పారిపోయే దారి కూడా ఉండదు. అమ్మోనియా ఉన్నవి కలిపినా విషమే. ఈ ఒక్క విషయంలో నీ పక్షమే నాది.

లాండ్రీ: ఇంకో మాట అడుగుతాను, చెప్పండి. తెల్లచొక్కా ఉతికారు, మరక లేదు. ఆరేశారు, లేదు. నేను ఇస్త్రీ పెట్టె పెట్టగానే గోధుమ రంగు మచ్చ లేచింది. కస్టమర్ వచ్చి కాల్చేశావంటాడు. ఏమిటది?

టీచర్: కూల్‌డ్రింకు?

లాండ్రీ: కూల్‌డ్రింకు, కొబ్బరినీళ్ళు, పళ్ళరసం. ఆరినప్పుడు కనపడవు. నీళ్ళలో నిలిపి జాడించకపోతే పంచదార దారంలోనే ఉండిపోతుంది, వేడికి మాడి పాకం రంగు తిరుగుతుంది. కొబ్బరినీళ్ళయితే ఇస్త్రీ లేకుండా కూడా నాలుగు రోజులకి నల్లబడతాయి. పెళ్ళిళ్ళ సీజన్లో నాకు వచ్చే సగం తిట్లు ఈ కనపడని మరకలకేనండి. మరక కనపడినప్పుడే భయపడే మీ పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఒలికిందంటే ఒలికిందే, కనపడినా కనపడకపోయినా నీళ్ళు పట్టాలి.

టీచర్: ఒప్పుకున్నాను. ఇది ఇస్త్రీ చేసే చేతికే తెలిసే విద్య.

లాండ్రీ: అరటి కర మాటేమిటి?

టీచర్: అరటి కర, మామిడి సొన ఈ రెంటికీ నా దగ్గర మందు లేదు. పడ్డ వెంటనే అయితే నీళ్ళు, సబ్బు, అదృష్టం. గాలి తగిలి నల్లబడ్డాక అది అద్దకమే. తోటకెళ్ళేటప్పుడు పాతచొక్కా వేసుకెళ్ళడం ఒకటే వైద్యం. అయినా చెరగని మరకల గురించి నువ్వు నన్ను అడగడమేంటి? ప్రతి బట్ట అంచుకీ నల్లజీడి గింజతో గుర్తుపెట్టింది మీవాళ్ళు కాదా? మరకలు తీసే వృత్తే ఎవరూ తియ్యలేని మరక కనిపెట్టింది.

లాండ్రీ: (నవ్వి) లేకపోతే ఎవరి పంచె ఎవరికి పోయేదో! కానీ దాని రసం కొందరికి ఒంటికి పడదండి, బొబ్బలు లేస్తాయి. ఇప్పుడు మేము దారం కుట్టి, చీటీ కడుతున్నాం.

టీచర్: పిల్లల యూనిఫాం మీద పెన్ను సిరా?

లాండ్రీ: బాల్‌పెన్ను అయితే ఇంట్లోనే చెయ్యండి. చేతులకి రాసుకునే శానిటైజర్ చాలు, కింద పాతగుడ్డ వేసి వెనకవైపు నుంచి అద్దాలి. రుద్దితే పూలమొగ్గ పువ్వవుతుంది. జెల్ పెన్ను అయితే నా దగ్గరికీ తేవద్దు.

టీచర్: ఇంట్లోనే చెయ్యమన్నావు! సరే, తివాచీ. మా ఇంట్లో ఏలూరు ఉన్ని తివాచీ ఉంది, మా అత్తగారిచ్చింది. మనవడు దాని మీద కాఫీ ఒలకబోశాడు.

లాండ్రీ: దాన్ని ఏం చేశారో ముందు చెప్పండి.

టీచర్: పాతతువ్వాలు పరిచి నొక్కాను, రుద్దలేదు. తువ్వాలు మార్చి మార్చి నొక్కాను. కాస్త చన్నీళ్ళు చిలకరించి మళ్ళీ నొక్కాను.

లాండ్రీ: ఇంక నేను చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు. ఉన్నిని వేడినీళ్ళు పోసి రుద్దితే అట్టకడుతుంది. నీళ్ళు ఎక్కువైతే అడుగున పడుగు దారం తడిసి రోజుల తరబడి ఆరదు, ముక్కవాసన పట్టుకుంటుంది. కొంతమంది తివాచీని గొట్టం పెట్టి కడుగుతారు, ఆ తర్వాత నన్ను పిలుస్తారు.

టీచర్: ఇన్ని చెప్పుకున్నాం గానీ అసలు దొంగని మనం పట్టుకోలేదురా. నీళ్ళు. గూడెంలో ఉండగా కాలవ నీళ్ళు. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలో బయల్దేరి, గూడెం మీదుగా ఏలూరు దాకా వచ్చే కాలవ. సబ్బు ఇలా అంటే నురగ అలా వచ్చేది. కొల్లేటి గట్టుకొచ్చాక బోరు నీళ్ళు, ఉప్పన. సబ్బు అరగదీసినా నురగ రాదు, తెల్లటి తెట్టు తేలుతుంది. కాల్షియం, మెగ్నీషియం సబ్బుని మింగేస్తాయి, ఆ తెట్టు బట్టకి పట్టి బూడిదరంగు తెస్తుంది. జనం దాన్ని మురికి అనుకుని ఇంకా సబ్బు పెడతారు.

లాండ్రీ: పైగా కొన్ని బోర్లలో ఇనుము. తెల్లచొక్కాలు పచ్చబడేది అందుకే, వాటికి మళ్ళీ బ్లీచింగ్. వేసవిలో కాలవలు కట్టేశాక మా ఏలూరులో కూడా బోరే గతి. మా నాన్న తన హయాంలో ఆ మూడు నెలలూ తెల్లబట్టలు తీసుకోవడానికి భయపడేవాడు. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాక గానీ ఆ భయం పోలేదు. పౌడర్‌కి ఉప్పనీళ్ళతో సబ్బుకున్నంత పేచీ లేదు. ఉబ్బబాన మాత్రం మూలపడింది.

టీచర్: మరి నీలిమందు?

లాండ్రీ: అది మురికి తియ్యదండి, కంటిని మోసం చేస్తుంది. పసుపుజాడ మీద నీలం పడితే తెలుపులా కనిపిస్తుంది. మోసమైనా అందంగానే ఉంటుంది. పంచెలకి నేనిప్పటికీ పెడతాను.

టీచర్: మన ఇద్దరి నురగా చివరికి చేరేది ఎక్కడికో తెలుసా? నీ డ్రైన్ తమ్మిలేటిలోకి, తమ్మిలేరు కొల్లేటిలోకి. 2002 నుంచి అంతర్జాతీయంగా పేరుకెక్కిన రామ్సార్ చిత్తడి నేల అది. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి జనం బారులు తీరతారు. గరిటెడు చాలేచోట నాలుగు గరిటెలు పోసేవాళ్ళు ఇంట్లోనూ ఉన్నారు, కొట్లోనూ ఉన్నారు.

లాండ్రీ: నా కొట్లో కొలతగిన్నె ఉందండి. మీ ఇంట్లో ఉందా?

టీచర్: ...వంటింట్లో ఉంది.

ఇద్దరూ ఎవరి పట్టు మీద వాళ్ళున్నారు కాబట్టి తీర్పు నేనే చెప్తాను. నూలు బట్ట, ఇప్పుడే పడ్డ మరక, ఏం పడిందో తెలుసు, ఈ మూడూ కలిస్తే కేసు టీచర్ గారిది. అంచు మడతలో మొదట చుక్క వేసి చూసుకుని ఇంట్లోనే కానివ్వండి. పట్టు, ఉన్ని, జరీ, ఎవరికీ ఊరూపేరూ తెలియని మరక అయితే లాండ్రీకి. అక్కడ ఇచ్చేటప్పుడు మాత్రం ఏం పడింది, ఎప్పుడు పడింది, ఇంట్లో మీరు ఏమేం పూశారు అన్నది సిగ్గుపడకుండా చీటీ మీద రాసి బట్టకి దారంతో కట్టి ఇవ్వండి. గుండుసూది గుచ్చకండి, అది తుప్పు పడుతుంది.